పోచంపల్లి తోడు

ఆ ఆదివారానికి సిద్దిరాములు చేసుకున్న ఏర్పాట్లలో మేకపోతు ఎక్కడా లేదు. పొద్దున హైదరాబాదు బస్సులో డాక్టర్ అమృతమ్మ గారు దిగుతారు. ఆమెను కాలేజీకి తీసుకువెళ్లి, తాను తయారుచేసిన లైపేజ్ పనిచేస్తుందని చూపించాలి. తర్వాత ఇంటికి తీసుకువచ్చి భోజనం పెట్టాలి. ఆమె తృప్తిపడితే ఈ ఏడు ఆమె ప్రయోగశాలలో ఉన్న ఒకే ఒక్క ఖాళీ అతనిది. పడకపోతే, ఆ ఖాళీ కోసం కాచుకున్నవాళ్లు హైదరాబాదులోనే కావలసినంతమంది ఉన్నారు.

సిద్దిరాములు నల్లగొండలో ఒక కాలేజీలో రసాయనశాస్త్రం డిమాన్‌స్ట్రేటరు. పిల్లలకు గాజు గొట్టాలు అందించడం, పగిలినవాటికి జవాబు చెప్పడం అతని ఉద్యోగం. పరిశోధన మాత్రం సొంతం. పోచంపల్లిలో అతని తండ్రి తేలియా రుమాళ్లు నేస్తాడు. ఆ రుమాళ్ల నూలును రంగు వేసేముందు రోజుల తరబడి నూనెలో, బూడిదనీళ్లలో నానబెట్టి పిసుకుతారు. ఆ కుండ అడుగున పేరుకున్న జిడ్డులోంచి సిద్దిరాములు ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. నూనెనూ కొవ్వునూ విరగ్గొట్టే పదార్థమొకటి అది బయటికి వదులుతుంది. దాన్నే లైపేజ్ అంటారు. పెద్ద ప్రయోగశాలలు అటువంటిది చిటికెడు కావాలన్నా విదేశాల నుంచి తెప్పించుకుంటాయి. మన కుండ అడుగున ఉన్నదాన్ని ఓడలో తెప్పించుకోవడం ఎందుకని సిద్దిరాములు వాదన.

వాదన బాగానే ఉంది, పరీక్షే కుదరడం లేదు. పాలలో కాస్త సోడా, ఒక చుక్క ఫినాఫ్తలీన్ వేస్తే పాలు గులాబీ రంగుకు తిరుగుతాయి. లైపేజ్ ఆ పాలలోని కొవ్వును విరగ్గొడితే పులుపు పుట్టి, రంగు పోయి, పాలు మళ్లీ తెల్లబడాలి. ఎండాకాలమంతా సిద్దిరాములు గులాబీ రంగు పాల ముందు కూర్చున్నాడు. అవి గులాబీ రంగులోనే ఉండిపోయాయి. ఇక చివరిసారిగా, మునుపటికన్నా చిక్కగా కొత్త ద్రవం తయారుచేసి, ఆశంతా దాని మీద పెట్టుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం కాలేజీలో ఫ్రిజ్ ఆగిపోయింది. వేడి తగిలితే ద్రవం చెడిపోతుందని సిద్దిరాములు దాన్ని సీసాలో ఇంటికి తెచ్చాడు. సూక్ష్మజీవి బతికి ఉన్నదీ అందులోనే, విడిగా దాచుకున్నది లేదు. ఇంట్లో చల్లని చోటు ఒక్కటే, నీళ్లకుండ కింది తడి ఇసుక. అందులో సీసా నిలవక ఒరిగిపోతుంటే, మరిగిన నీళ్లతో కడిగిన చిన్న పింగాణీ గిన్నెలోకి ద్రవాన్ని వంచి, మూతపెట్టి, మూత మీద సుద్దముక్కతో పేరు రాసి, తడిగుడ్డ కప్పాడు. గుడ్డ తడికి పేరు చెరిగిపోయింది. ఇంట్లో ఎవరికైనా ఒక మాట చెప్పాలని అతనికి తోచలేదు. ప్రయోగశాలలో వస్తువు మీద పేరుంటే చాలు, ఎవరూ ముట్టరు.

ఆ మధ్యాహ్నమే అతని తల్లి ఉప్పలమ్మ పోచంపల్లి నుంచి దిగింది. వచ్చేటప్పుడు ఆమె ఎప్పుడూ తన వెంట తోడు తెచ్చుకుంటుంది. నల్లగొండ పెరుగు మీద ఆమెకు నమ్మకం లేదు. పోచంపల్లిలో తోడు గిన్నె ఉండేది నీళ్లకుండ పక్కన తడి ఇసుకలో. ఇక్కడ కోడలు రాజమణి దాన్ని ఉట్టి మీద పెడుతుంది. ఈ విషయంలో అత్తాకోడళ్ల మధ్య ఒక్క మాట కూడా లేకుండా ఏళ్ల తరబడి పోరు సాగుతోంది. అత్త ఇసుకలో పెట్టిన గిన్నెను కోడలు ఉట్టి ఎక్కిస్తుంది, అత్త మళ్లీ దింపుతుంది. ఆ రాత్రి పాలు తోడు వేయబోతూ ఉప్పలమ్మ ఇసుకలో తెల్లటి మసక నీళ్ల గిన్నెను చూసింది. తాను తెచ్చిన తోడును కోడలే ఇసుకలో పెట్టిందనుకుని, ఇన్నాళ్లకు బుద్ధి వచ్చిందని సంతోషించింది. గిన్నెలోది పాలలో వంచి, అడుగున మిగిలినదాని మీద గోరువెచ్చని పాలు పోసి, తిరిగి ఇసుకలో పెట్టింది. తోడు గిన్నెను ఖాళీగా ఉంచకూడదు.

కుండకు అంటుకున్న పాత పెరుగు పుణ్యమా అని పాలు ఎలాగో పేరుకున్నాయి. బస్సు దుమ్ముకు జలుబు పట్టి ఉప్పలమ్మకు వాసనలు తెలియడం లేదు. శనివారం పొద్దున ఎదురింటి బిక్షమ్మ, పక్కింటి బీరమ్మ తోడు కోసం వచ్చారు. అడిగినవాళ్లకు తోడు లేదనకూడదు, అందులోనూ ఇది పోచంపల్లి తోడు. ఉప్పలమ్మ వాళ్లకే కాక, ఆ వరుసలో గిన్నె పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డ ప్రతివాళ్లకూ గరిటెడు వేసి పంపింది. ఆ వరుస చివరింటి వెంకటనర్సు సేటు భార్య మాత్రం రాలేదు.

ఆదివారం పొద్దున రాజమణి పెరుగు చిలుకుతూ చిలుకుతూ ఆగిపోయింది.

"ఏమండీ, జర గిటు రాండ్రి. గీ వెన్న వాసన చూడుండ్రి."

సిద్దిరాములు ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, వంగి, వెంటనే వెనక్కి జరిగాడు. "మేకపోతు వాసనొస్తాంది."

"నాకొక్కదానికే గట్ల అనిపిస్తాందేమో అనుకున్న."

"బర్రె పాలేనా?"

"ముందట నిలబడి పిండిచ్చుకొచ్చిన. బర్రెనే. నాకు గుర్తుపట్టొస్తది."

ముక్కు తుడుచుకుంటూ ఉప్పలమ్మ వచ్చింది. "నాకేం వాసనొస్తలేదు. కుండలు సరిగ తోమకుంటే గట్లనే ఉంటది."

"నిన్న కుండలు తోమింది మీరే అత్తమ్మా."

"నేను తోమితే గట్లుండదు," అని ఉప్పలమ్మ తేల్చేసింది.

అంతలో గుమ్మం దగ్గర బిక్షమ్మ కనబడింది. ఆమె భర్త జానయ్య రోడ్ల పనిలో మేస్త్రీ. కిందటేడు అతను జ్వరంతో దవాఖానలో పడ్డప్పుడు బిక్షమ్మ ఎల్లమ్మకు ఒక మేకపోతును మొక్కుకుంది. వచ్చే మంగళవారం పండుగ, చుట్టాలందరికీ కబురు వెళ్లింది. మేకపోతు మాత్రం శుక్రవారం రాత్రి తాడు తెంపుకుని పోయింది. జానయ్య దాన్ని వెతుకుతూ నకిరేకల్ రోడ్డు పట్టుకుని పోయాడు.

"సారూ, తప్పుగ అనుకోకుండ్రి," అంది బిక్షమ్మ గడప బయటే నిలబడి. "మా మేకపోతేమన్న మీ దొడ్లకు జొచ్చిందా?"

"లేదు బిక్షమ్మా, మేం చూడలే."

బిక్షమ్మ ఒకసారి గట్టిగా గాలి పీల్చింది. "చూడకుంటేనే గింత వాసనొస్తాందా?"

"అది వెన్న వాసన," అంది రాజమణి. అంటున్నప్పుడే ఆ మాట తనకే నమ్మబుద్ధి కాలేదు.

"వెన్నకు మేకపోతు వాసనెందుకొస్తది రాజమణక్కా? మేం గూడ వెన్న తీస్తం."

"వచ్చి చూస్కో మరి. నీకు అనుమానమెందుకు?"

బిక్షమ్మ వచ్చి చూసుకుంది. దొడ్డి చూసింది, మంచం కింద చూసింది, చీపురుకట్ట వెనక చూసింది. జొన్నల గంపను కూడా ఎత్తబోయింది.

"గంప కింద మేకపోతు పడుతదానే?" అంది ఉప్పలమ్మ.

"మాది బక్క మేకపోతు పెద్దమ్మా."

"నిన్న తోడుకొచ్చినప్పుడు దున్నపోతంత ఉందంటివి."

బిక్షమ్మ గంప వదిలేసి బయటికి నడిచింది. వెళ్లింది తన ఇంటికి కాదు, పక్కింటికి. బీరమ్మ ఇంట్లోనూ అదే వాసన. దాని పక్కింట్లోనూ అదే. ఒక్కో ఇల్లు దాటుతుంటే బిక్షమ్మ వెనక జనం పెరిగారు. ప్రతి ఇల్లాలూ తన ఇంటి వాసన పక్కింటిదేనని ఒట్టు పెట్టి చెప్పింది. అంతా కలిసి వరుస చివరికి వచ్చేసరికి వెంకటనర్సు సేటు తన అరుగు మీద నిలబడి ఉన్నాడు. ఆ వరుసలోని ఇళ్లన్నీ అతనివే. కిరాయి ఇచ్చేవాళ్ల తగవులన్నీ తీర్చే హక్కు తనదేనని అతని అభిప్రాయం. అతని ఇంట్లో వాసన లేదు. అందువల్ల ఆ పొద్దు అతని గొంతు మామూలుకన్నా గంభీరంగా ఉంది.

"ఒక్క మేకపోతు గిన్ని ఇండ్లల్ల ఎట్లుంటది? చెప్పుండ్రి," అన్నాడు.

జవాబు కూడా అతనే చెప్పాడు.

"ఒక్క తీరుగనే ఉంటది. పోగులేసుకుంటేనే."

మేకపోతును కోసి, మాంసం సమానంగా కుప్పలు పెట్టి, ఇంటికొక పోగు చొప్పున పంచుకోవడం అందరికీ తెలిసినదే. అయితే అది నలుగురూ కలిసి కొన్న మేకపోతు కావాలి. ఎల్లమ్మకు మొక్కినది కాకూడదు.

బిక్షమ్మ రోడ్డు మీదే కూలబడింది. "అమ్మోరికి మొక్కినదాన్ని పోగులేసుకున్నరా? మీ కడుపుల్ల ఎట్ల పట్టిందే?"

"మాకు పోగు ముట్టనే లేదు," అంది బీరమ్మ తొందరపడి.

"అంటే పోగులేసిన సంగతి నీకు ఎర్కనే గద," అన్నాడు వెంకటనర్సు.

బీరమ్మకు కోపం వచ్చింది. ఆ కోపంలో ఆమె తిన్నగా బిక్షమ్మ ఇంటి ముందుకు వెళ్లి, తలుపు సందులోంచి వాసన చూసి, నెమ్మదిగా తిరిగి వచ్చింది. "సేటూ, జర గా ఇంటికి గూడ పోయి చూడుండ్రి. అందరికన్న ఎక్కువ ఆడనే కొడ్తాంది."

వెంకటనర్సు వెళ్లి చూశాడు. బయటికి వచ్చి కండువా ముక్కు మీది నుంచి తీశాడు.

"బిక్షమ్మా, నీ పోగు గూడ నీకు ముట్టినట్టుంది."

"నా మేకపోతును నేనెందుకు తింట సేటూ?"

"మంగళారం గంతమంది చుట్టాలకు పెట్టుడు తప్పుతదని."

"చుట్టాలకు పెట్టద్దనుకుంటే కబురెందుకు పంపుత?"

వెంకటనర్సు కండువా సర్దుకున్నాడు. విచారణ ఇంకా అయిపోలేదన్నాడు.

ఇక్కడ సిద్దిరాములు ఈ గొడవ ఏమీ పట్టించుకోకుండా, అమృతమ్మ గారికి చూపవలసిన ద్రవం కోసం ఇసుకలో గిన్నె మీది తడిగుడ్డ తీశాడు. మూత ఎత్తాడు. లోపల పెరుగు ఉంది. పైన మీగడ కట్టింది. గుప్పున మేకపోతు వాసన కొట్టింది.

"అమ్మా, గీ గిన్నెల ఉన్నదేమైంది?"

"ఏమైతది? తోడేసిన."

"అది తోడు గాదమ్మా."

"ఇసుకల ఉన్నది తోడు గాకుంటే ఏందిరా?"

"నా ఏడాది కష్టం."

"ఏడాది కష్టాన్ని నీళ్లకుండ కింద ఎవలన్న పెడ్తరా?" అని అడిగింది ఉప్పలమ్మ. అది నిజంగానే తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న.

సిద్దిరాములు గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు, ఇస్త్రీ చొక్కా సంగతి కూడా మరిచిపోయి. రాజమణి వెన్న గిన్నెను చూసింది, ఇసుకను చూసింది, అత్తను చూసింది.

"ఒక్క మాట చెప్తే నేను చూసుకునేదాన్ని గద," అంది మెల్లగా. "నన్నేందో బయటిదాన్ని చేసిండ్రు."

ఆ సీటు వస్తే హైదరాబాదులో చిన్న జాగా చూసుకోవాలని, తానూ ఆగిపోయిన డిగ్రీ కట్టాలని రాజమణి ఎండాకాలమంతా మనసులో లెక్కలు వేసుకుంది. ఆ సంగతి ఆమె కూడా అతనికి చెప్పలేదు. ఇప్పుడిక చెప్పి లాభం లేదనుకుని పొయ్యి మీద పప్పు దించింది.

ఈ సందడిలో బస్సు వేళ దాటిపోయింది. ఎవరూ ఎదురు రాకపోయేసరికి అమృతమ్మ గారు బస్‌స్టాండులో దారి అడిగి తానే వచ్చారు. యాభై దాటిన మనిషి, ముతక చీర, చేతిలో గొడుగు, భుజాన తోలు సంచి. ఆమెది మహబూబ్‌నగర్ వైపు పల్లె. మిషన్ బడిలో మొదలుపెట్టి మద్రాసు దాకా పోయి చదివారు. వీధి మొగలో జనాన్ని చూసి ఆగారు.

"సిద్దిరాములు ఇల్లు ఎక్కడమ్మా? నేను పట్నం నుంచి వస్తున్న. డాక్టర్ అమృతమ్మ అంటరు."

బిక్షమ్మ రోడ్డు మీది నుంచి లేచి నిలబడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా మేకపోతు కోసం సారు పట్నం నుంచి డాక్టరమ్మనే పిలిపిచ్చిండు. గసువంటి మనిషిని అనుమానిస్తిని."

"ఏ మేకపోతు?" అన్నారు అమృతమ్మ గారు. అని, గాలి పీల్చారు. "అవును, ఎక్కడుంది?"

"గదే తెలుస్తలేదు మేడమ్," అన్నాడు వెంకటనర్సు. "ఇంటింట వాసనుంది, మేకపోతు లేదు. మీరే తేల్చాలె."

అమృతమ్మ గారు ఆ మాటను మనసులో పెట్టుకుని లోపలికి వచ్చారు. వెనకే వీధంతా వచ్చింది. సిద్దిరాములు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడమ్, మీకు చూపెట్టనీకి నా దగ్గర ఏం లేదు. ద్రవమంత మా అమ్మ పాలల్ల తోడేసింది. నిన్న వాడంత పంచింది. పని చేస్తలేదని ఎట్లాగు ఫికరుండె. ఇప్పుడైతే అసలే లేదు."

ఆమె కోప్పడతారేమోనని కాదు, జాలిపడతారేమోనని సిద్దిరాములు భయం. అమృతమ్మ గారు రెండూ చేయలేదు. వెన్న గిన్నె అందుకుని వాసన చూశారు. మళ్లీ చూశారు.

"మా నాయిన ఊరి మేకలు కాసేటోడు," అన్నారు. "మేకపోతు వాసన నాకు బాగ తెలుసు. దాంట్ల దొడ్డి వాసన, ఉచ్చ వాసన గూడ కలిసుంటయి. ఇది గట్ల లేదు. ఒట్టి కొవ్వు విరిగిన వాసన. ఈ తోడు ఎవరెవరు తీస్కపోయిండ్రమ్మా?"

ఉప్పలమ్మ పేర్లు చెప్పింది. బిక్షమ్మ, బీరమ్మ, ఆ వరుసంతా.

"వాసన ఎవరెవరింట్ల ఉంది?"

వెంకటనర్సు పేర్లు చెప్పాడు. అవే పేర్లు, అదే వరుస.

"మీ ఇంట్ల?"

"మా ఇంట్ల వాసన లేదు. మేం ఒకరి దగ్గర చెయ్యి చాపి తెచ్చుకునేటోళ్లం గాదు."

"అయితే మీ పెరుగు ఒక చెంచ కావాలె," అన్నారు అమృతమ్మ గారు.

సేటుకు అది సన్మానంలా తోచింది. స్వయంగా వెళ్లి వెండి గిన్నెలో తెచ్చాడు.

వాసన ఒక్కటే చాలదు, రంగు కూడా చూడాలని అమృతమ్మ గారు అన్నారు. సిద్దిరాములు తన సంచిలోంచి ఫినాఫ్తలీన్ సీసా తీశాడు. రాజమణి ఆ పొద్దు కాచిన పాలు, వంటసోడా తెచ్చింది. సిద్దిరాములు అలవాటు ప్రకారం పలుచని గుడ్డ తీసి, పాల మీద పరిచి, మీగడ తీసి పక్కన పెట్టబోయాడు.

"ఏం చేస్తున్నవు?" అన్నారు అమృతమ్మ గారు.

"మీగడ తీస్తున్న మేడమ్. గాజు గొట్టానికి అంటుకుంటది. శుభ్రంగ ఉండదు."

"కాలేజీల గూడ తీస్తనే ఉన్నవా?"

"ప్రతిసారి తీస్త మేడమ్. మిగిలినది గూడ రెండుసార్లు వడపోస్త."

అమృతమ్మ గారు పాల మీది మీగడను వేలితో చూపించారు.

"కొవ్వు తినేదానికి కొవ్వంత తీసేసి పెట్టినవు. ఎండాకాలమంత దాన్ని ఉపాసం ఉంచి, పని చేస్తలేదని ఏడ్చినవు."

సిద్దిరాములు చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. రాజమణి గోడ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

మీగడతో ఉన్న పాలను రెండు గిన్నెల్లో పోశారు. ఒకదానిలో ఉప్పలమ్మ పెరుగు, ఒకదానిలో సేటు పెరుగు వేశారు. పెరుగులోని పులుపును సోడాతో చంపి, రెండూ ఒకే గులాబీ రంగుకు వచ్చేదాకా సర్ది, అరుగు మీద పక్కపక్కన పెట్టారు. ఇక ఆగి చూడడమే.

ఆగి చూడడం ఏ వీధికైనా కష్టం. దీని అర్థమేమిటో ఎవరూ చెప్పకపోవడం వల్ల వెంకటనర్సు చెప్పాడు. "ఇది పరీక్ష. ఒక గిన్నె నాది, నేను తినలేదు. ఒక గిన్నె ఉప్పలమ్మది. ఎవల గిన్నె రంగు పోతే వాండ్లే మేకపోతును కోసిండ్రు."

ఉప్పలమ్మ ఆ మాట నమ్మింది. గిన్నె ముందు కూర్చుని, దాని రంగు నిలవాలని ఎల్లమ్మకు మొక్కుకుంది. ఆమె పక్కనే కొడుకు, అదే గిన్నె మీద కళ్లు పెట్టి, రంగు పోవాలని మొక్కుకుంటున్నాడు. మొక్కులు రెండూ ఒకే దేవత దగ్గరికి వెళ్లాయి.

కొంతసేపు ఏమీ కాలేదు. తర్వాత ఉప్పలమ్మ గిన్నె అంచు దగ్గర కాస్త పాలిపోయినట్టు కనబడింది. తర్వాత అనుమానం లేకుండా పాలిపోయింది. సేటు గిన్నె మందారంలా అలాగే ఉంది. చూస్తుండగానే ఉప్పలమ్మ గిన్నెలో పాలు పాలలా తెల్లగా అయిపోయాయి.

"అయింది," అన్నాడు సిద్దిరాములు. "అమ్మా, చూసినవా, తెల్లబడ్డది. నేను మొక్కుకుంటనే ఉన్న గద, నీ గిన్నె తెల్లబడాలె అని."

"కన్నతల్లిని దొంగను చేస్తివి గదరా," అని ఉప్పలమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "నవ్వుకుంట చేస్తివి."

"నువ్వు దొంగవు గావమ్మా. నువ్వు నా ప్రయోగం."

ఈ మాటతో ఆమెకేమీ ఊరట కలగలేదు. లేచి లోపలికి వెళ్లిపోయింది.

రాజమణి వీధిలో ఉన్నవాళ్లకు విడమరిచి చెప్పింది. తోడులో ఏమి కలిసిందో, అది పాలలో వెన్నను ఎలా విరగ్గొట్టిందో, వాసన ఎందుకు వచ్చిందో. తాగవద్దని, పారబోయమని అమృతమ్మ గారు చెప్పారు. నమ్మినవాళ్లు నమ్మారు. నమ్మనివాళ్ల కోసం అప్పుడే జానయ్య మేకపోతు చెవి పట్టుకుని వీధిలోకి వచ్చాడు.

"అంగడి బండ్ల వెంబడి పెసరపొట్టు ఏరుకుంట నకిరేకల్ దాక పోయింది," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "ఏందే, గిందరున్నరు? నాకు ఎదురొచ్చిండ్రా?"

బిక్షమ్మ మేకపోతును, వీధిని మార్చి మార్చి చూసింది. బీరమ్మ వైపు మాత్రం చూడలేదు. ఆడవాళ్లందరూ ఒక్కసారిగా ఇళ్లకు వెళ్లిపోయారు. కాసేపట్లో వరుసంతా బూడిదతో కుండలు రుద్దుతున్న చప్పుడు, మోరీలో మజ్జిగ పారిన చప్పుడు వినిపించాయి.

"సిద్దిరాములూ, ఆ ఖాళీ నీదే," అన్నారు అమృతమ్మ గారు గొడుగు గోడకు ఆనించి. "వచ్చే నెల వచ్చి చేరు. ఈ సూక్ష్మజీవిని మాత్రం నేను ఇప్పుడే తీస్కపోత. బతికున్నది కావాలె. ఆ గిన్నె ఇయ్యి."

సిద్దిరాములు లోపలికి వెళ్లాడు. గిన్నె తళతళ మెరుస్తూ బోర్లించి ఉంది. పాలకుండ, కవ్వం, వెన్న గిన్నె, అన్నీ బోర్లించి ఉన్నాయి. పెరట్లో ఉప్పలమ్మ మరుగుతున్న నీళ్లు చివరి గరిటె మీద పోస్తోంది.

"రుజువు లేకుంట చేసిన," అంది కొడుకుతో. "ఇగ ఏ పరీక్ష పెట్టుకుంటరో పెట్టుకోండ్రి."

అరుగు మీది గిన్నెలో సోడా కలిసింది, పైగా అప్పటికే దానిని మేకపోతు ఖాళీ చేసింది. అమృతమ్మ గారు సంచి మూత మళ్లీ వేశారు. నూలు కుండలోంచి దాన్ని మళ్లీ పట్టాలంటే ఇంకో ఏడాది. ఖాళీ ఏడాది ఆగదు.

"ఇల్లిల్లు తిరిగి చూద్దాం," అంది రాజమణి. ఆమె అప్పటికే చేతిలో ఒక గిన్నె పట్టుకుంది. అందులో నీళ్లు మరిగించి పారబోసింది. భార్యాభర్తలిద్దరూ బయల్దేరారు. బీరమ్మ ఇంట్లో కుండలు ఎండలో ఆరుతున్నాయి. పక్కింట్లోనూ అంతే. ఇంత శుభ్రంగా ఉన్న వీధిని వాళ్లు ఆ ఊళ్లో కాపురం పెట్టినప్పటి నుంచి చూడలేదు.

మిగిలింది ఎదురిల్లు. తెల్లవారినప్పటి నుంచి రోడ్డు మీదే ఉన్న బిక్షమ్మకు కుండ కడిగే తీరిక దొరకలేదు. మేకపోతును గుంజకు కట్టి, కొత్త తాడు పేనుతోంది. ఇద్దరినీ చూసి లేచి నిలబడింది. పొద్దున గంప ఎత్తబోయిన చేతులను ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

"బిక్షమ్మా," అంది రాజమణి గిన్నె ముందుకు చాపి, "జర తోడు ఉంటే పెట్టరాదు."

"కంపు కొడ్తాంది గద అక్కా."

"కంపుదే కావాలె."

బిక్షమ్మ చేతిలో తాడు కింద పెట్టింది. "మిమ్ముల గన్ని మాటలంటి. అయినా అడిగినోళ్లకు తోడు లేదనుడు మా ఇంట గూడ లేదు," అంటూ లోపలికి వెళ్లి, కుండ అడుగు దాకా గరిటె పెట్టి తెచ్చి, గిన్నె నిండా వేసింది. "బతికుంటదా అది, పట్నం దాక?"

"బతుకుతది," అన్నాడు సిద్దిరాములు. ఆ మాట అంత ధైర్యంగా అతను ఆ ఏడాదంతా అనలేదు. దారి దాటేటప్పుడు రాజమణి గిన్నెను అతని చేతికి ఇవ్వలేదు. తానే పట్టుకుని, "నేను గూడ డిగ్రీ కట్టాలనుకుంటున్న," అని చెప్పింది. "ముందే చెప్తున్న, తర్వాత తెల్వదనేరు."

అమృతమ్మ గారు గిన్నె వాసన చూసి, తల ఊపి, సంచి తెరిచారు. జానయ్యనూ బిక్షమ్మనూ కూడా భోజనానికి పిలవమని చెప్పింది ఉప్పలమ్మే. తన తోడు హైదరాబాదు పోతోందని ఆమెకు అప్పటికి ఎవరో అర్థమయ్యేలా చెప్పారు. విస్తళ్లు వేశారు. పప్పు అందరూ రెండోసారి వేయించుకున్నారు, చింతకాయ పచ్చడి మెచ్చుకున్నారు.

మజ్జిగ మాత్రం ఎవరూ అడగలేదు.